ముందు బరువు, తర్వాత గాలి

నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి కొన్నవాడికి మా జగిత్యాలలో ఒక కొత్త నడక వస్తుంది. బండికి కాదు, మనిషికి. చేతులు ఒంటికి కాస్త దూరం జరుగుతాయి. తాళంచెవి చూపుడు వేలి చుట్టూ తిరుగుతుంది. ఎవరూ అడగకపోయినా "ఫోర్ బై ఫోర్" అంటాడు. నాలుగు చక్రాలూ లాగడానికి వేసే ఆ రెండో గేరు కర్ర ఎప్పుడు వేశావని అడిగితే మాత్రం "ఇంక అవసరం పడలే" అంటాడు. సర్వీసుకు వచ్చిన బండ్లలో ఆ కర్ర మీద కొన్ననాటి ప్లాస్టిక్ కవరు చెక్కుచెదరకుండా ఉండడం నేను చాలాసార్లు చూశాను.

నా పేరు సదానందం. అలాంటి బండ్లు అమ్మే ఒక షోరూము వెనక, వర్క్‌షాపులో సూపర్‌వైజర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఆ ఉద్యోగంలో రెండే పనులుంటాయి. బండి బాగుచేయాలి, ఓనరును పొగడాలి. మొదటిది నాకు వచ్చు. రెండోది నేర్చుకోవడానికి మనసొప్పలేదు. నా ఉద్యోగ చరిత్ర ఇంతే కాబట్టి దాన్ని ఇక్కడితో వదిలేస్తాను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నా అనుభవం రాయమన్నారు. అన్నీ రాస్తే మీరు చదవరు. ఒక్క వస్తువు గురించి రాస్తాను. బండి వెనక ఇరుసు మీద బిగించే గాలి సంచుల గురించి. ప్రమాదంలో ముఖం ముందు విచ్చుకునే సంచులు కావివి. డ్రైవర్లు వీటిని బెలూన్లంటారు. బండికి వెన్నెముకలాంటి చాసిస్‌కూ ఇరుసుకూ మధ్య, బరువుకు వంగే ఇనుప పట్టీల కమాన్ కట్టల దగ్గర, మందపాటి రబ్బరు సంచి అటొకటి ఇటొకటి ఉంటుంది. గాలి నింపితే అది ఉబ్బి చాసిస్‌ను పైకి నెడుతుంది. బరువుకు కుంగిన వెనక భాగం లేచి, బండి సమంగా నిలబడుతుంది. సమంగా నిలబడితే హెడ్‌లైట్ల వెలుగు చెట్ల కొమ్మల మీద కాకుండా రోడ్డు మీద పడుతుంది. అంతే దాని పని.

ఆ "అంతే" అనే మాటను మనుషుల చెవిలో వేయడానికే నా ఉద్యోగంలోని ఆఖరి సంవత్సరాలు ఖర్చయ్యాయి.

కోరుట్ల బావమరిది

మొదట నవ్వుకునే సంగతి చెబుతాను. కోరుట్ల నుంచి ఒకాయన వచ్చాడు. పసుపు వ్యాపారం. తెల్ల చొక్కా, నల్ల బండి. ఆ బండిలో పూలదండ, శాలువా తప్ప ఇంకేమీ మోయడు. ఎక్కడ సన్మానముంటే అక్కడికి పోతాడు. వచ్చీ రాగానే బెలూన్లు బిగించమన్నాడు.

"ఏం లోడ్ వేస్తరు సార్?" అని అడిగాను.

"లోడేంది? మా బావమరిది గిసొంటి బండే కొన్నడు. పక్కపక్కకు పెడితె రెండు ఒక్క తీరే కనవడ్తున్నయి. నాది నాలుగు వేళ్లు ఎత్తుండాలె."

ఖాళీ బండిలో సంచులు నిండా నింపితే వెనక భాగం గంతులేస్తుందని, బ్రేకు వేసినప్పుడు తోక నిలవదని చెప్పాను. ఆయన విన్నాడు. నేను చెప్పడం అయిపోయే వరకు ఎంతో మర్యాదగా ఆగి, "నింపున్రి" అన్నాడు. నేను సంచులు నలిగిపోకుండా ఉండేంత గాలి మాత్రమే ఉంచి పంపాను. ఆయన పెట్రోలు బంకులో తానే నింపుకున్నాడు.

వారం తిరగకుండా మళ్లీ వచ్చాడు. వెనక సీట్లో కూర్చున్న వాళ్లావిడకు నడుము పట్టేసిందట. ఆమె అదే రోజు ఆ బండి దిగి, తమ్ముడి బండిలో ఎక్కి ఇంటికి పోయిందట. అంటే ఆ బావమరిది బండిలోనే. ఆయన ముఖం చూసి నవ్వు ఆపుకోవడానికి నేను బానెట్ ఎత్తి, అవసరం లేకపోయినా ఇంజన్‌లోకి తల పెట్టాల్సి వచ్చింది.

గాలి తీసి పంపాను. ఇలాంటి వాళ్ల వల్ల నడుములు పోతాయి, పరువు పోతుంది, అంతకుమించి నష్టం లేదు. నిజంగా బరువు మోసేవాళ్ల దగ్గరికి ఇదే సంచి వెళ్లినప్పుడు కథ వేరు.

మా సారు వేయించిన బోర్డు

మా షోరూము ఓనరు ప్రవీణ్ సారు వయసులో నాకంటే చాలా చిన్నవాడు. పదిమందిలో నన్ను "అంకుల్" అనేవాడు. గదిలోకి పిలిచి తలుపు వేస్తే "నీకేం తెల్వది సదానందం" అనేవాడు. ఆ తలుపు మూసుకోగానే నా వయసు ఎటు పోయేదో నాకు అర్థమయ్యేది కాదు.

బెలూన్లు అమ్మడం మొదలుపెట్టగానే ఆయన షోరూము ముందు పెద్ద బోర్డు వేయించాడు. అందులో చేతులు కట్టుకుని నిలబడ్డ తన ఫొటో. పక్కన కొండంత మూటలతో బండి. కింద "బెలూన్ పెట్టండి, ఎంతైనా ఎత్తండి!" అని ఎర్ర అక్షరాలు.

నేను గదిలోకి వెళ్లి అడిగాను. "సార్, బెలూన్ తోకను లేపుతది. బండి మోసే తాకత్‌ను పెంచది. ఇరుసు గదే, బేరింగు గదే, బ్రేకు గదే, టైరు గదే. 'ఎంతైనా' అంటె ఎట్ల?"

"అంకు... సదానందం, బోర్డు మీద ఇరుసు, బేరింగు అని రాస్తరా ఎవరన్న? చదివేటోనికి ఖుష్ కావాలె."

"ఖుష్ అయినంక చాసిస్ వంగితె?"

"వంగితె మన దగ్గరికే వస్తది గద, వర్క్‌షాపు ఎందుకున్నది?" అని నవ్వాడు. ఆయన పరాచికానికి అన్నాడని నేను ఇప్పటికీ అనుకోవడం లేదు.

పిల్లలూ, ఒక మాట గుర్తుపెట్టుకోండి. వర్క్‌షాపులో ఇనుమును అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. ఇనుము తన మీద ఎంత బరువు పడితే అంతే వంగుతుంది, దానికి వేరే ఉద్దేశం ఉండదు. బోర్డు రాయించే మనుషులతోనే వస్తుంది తంటా.

లచ్చయ్య పిడికిలి

సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. ఆ సాంచాల మీద నేసిన బట్టను బేళ్లుగా కట్టి బయటికి పంపుతారు. బేళ్లు ఎక్కించే చోట హమాలీలకు మేస్త్రి లచ్చయ్య. తంగళ్ళపల్లి మనిషి. నా ఈడువాడే. చిన్న బండ్లకు బరువు చాలో లేదో తేల్చడానికి ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. అక్కడి వాళ్లంతా దానికే కట్టుబడేవారు.

బేళ్లు ఎక్కుతుంటే ఆయన వెనక చక్రం పక్కన గొంతుక్కూర్చునేవాడు. టైరుకూ పైనున్న మడ్గార్డుకూ మధ్య సందులో పిడికిలి పెట్టేవాడు. పిడికిలి అటూ ఇటూ ఆడినంతసేపు "ఎయ్యున్రి" అనేవాడు. బరువుకు బండి కుంగి, సందు తగ్గి, పిడికిలి ఇరుకు కాగానే చెయ్యి లాగేసి "బస్" అనేవాడు. ఆ "బస్" తర్వాత సాంచాలు నడిపించే ఆసామి బతిమాలినా, వ్యాపారి అరిచినా, ఇంకో బేలు ఎక్కేది కాదు.

బండిని తూచే కాంటా లేదా అని మీరడుగుతారు. ఉంది. దారిలోనే ఉంది. కాంటా ఎక్కిస్తే నిజం తెలుస్తుంది, నిజం తెలిస్తే ఇంకో ట్రిప్పు వేయాల్సి వస్తుంది. అందుకని మన వ్యాపారులు కాంటాకు దూరం నుంచే దండం పెట్టి పోతుంటారు. పిడికిలి కాంటా అంత కచ్చితం కాకపోయినా బండ్లను కాపాడింది. కమాన్ కట్టలు ఎంత కుంగాయో ఆ సందు చూపించేది, ఆ సందును లచ్చయ్య చెయ్యి చదివేది. అది బుద్ధిగల పద్ధతేనని నేను మెచ్చుకునేవాణ్ని.

బెలూన్ వచ్చింది. దాంతో సందు అబద్ధమాడడం మొదలుపెట్టింది.

దాసు బండి

గొల్లపల్లి దగ్గర ఊరి మనిషి దాసు. వాళ్ల ఇంట్లో తాతల కాలం నుంచి ఎవరికీ గుంటెడు భూమి లేదు. అందరూ పక్కవాళ్ల పొలాల్లో పని చేసినవాళ్లే. దాసు డ్రైవింగు నేర్చుకుని, ఎవరెవరి బండ్లో తోలి, చివరికి తనదంటూ ఒక ఫోర్ బై ఫోర్ పికప్ కొన్నాడు. ఆయన మాత్రం ఆ రెండో గేరు కర్రను నిజంగా వాడేవాడు. వానల్లో పసుపు చేన్ల దారులు నల్ల బురదైతే మామూలు బండి దిగబడుతుంది. దాసు బండి లోపలికి పోయి బస్తాలతో బయటికి వచ్చేది. సిరిసిల్ల నుంచి బట్ట బేళ్లు, కోరుట్ల వైపు నుంచి పసుపు. రెండు వైపులా కిరాయే.

ఆయన భార్య సుగుణ పక్క సీట్లో కూర్చుని వెంట తిరిగేది. బేరం ఆమే మాట్లాడేది, తాడు ఆమే బిగించేది. బండి అద్దం మీద చిన్న శిలువ వేలాడుతుండేది. ఒకసారి సర్వీసుకు వచ్చినప్పుడు ఆమె బానెట్‌ను తుడుస్తూ, "అందరు భూమి కొంటరు సారు. మేం గిది కొన్నం. గిదే మా చెలక," అంది. ఆ మాట నాకు బాగా నచ్చింది.

బోర్డు చూసి బెలూన్లకు వాళ్లూ వచ్చారు. బిగించాక ఇద్దరినీ బండి వెనక నిలబెట్టి చెప్పాను. "ఖాళీగ ఉన్నప్పుడు సంచిల కొంచెమే గాలుండాలె. ముందుగాల బరువు ఎక్కించున్రి. ఎంత కుంగిందో చూడున్రి. బరువు హద్దుల ఉందని తెల్సినంకనే గాలి నింపి సమం చేయున్రి. దింపంగనే గాలి తియ్యున్రి. ముందు బరువు, తర్వాత గాలి."

దాసు తలూపాడు. ఆ క్షణంలో ప్రవీణ్ సారు అటుగా వచ్చాడు. దాసు భుజం మీద చెయ్యివేసి, "అంకుల్ పాతకాలపు మనిషి, ఊకె భయపెడ్తడు. ఫుల్ గాలి కొట్టుకొని పో దాసూ, ఏం కాదు. నేను చెప్తున్న గదా," అన్నాడు.

ఓనరు భుజం మీద చెయ్యి వేశాడు. సూపర్‌వైజరు ఉత్త మాట చెప్పాడు. మీరైతే ఎవరిది వింటారు?

దాసు ఫుల్ గాలి కొట్టుకుని సిరిసిల్ల వెళ్లాడు. లచ్చయ్య ఎప్పటిలాగే చక్రం పక్కన కూర్చున్నాడు. పిడికిలి పెట్టాడు. బేళ్లు ఎక్కుతున్నాయి, పిడికిలి ఆడుతూనే ఉంది. ఎప్పుడూ "బస్" అనే చోటు దాటింది. ఇంకా ఆడుతోంది. బాడీ నిండింది. వెనక తలుపు, అంటే డాలా, దించి దాని మీద కూడా పేర్చారు. తోక మాత్రం దిగలేదు. లచ్చయ్య కూడా మురిసిపోయి, "దాసుగా, బండి ఏనుగైంది రా!" అన్నాడట.

ఆ ఏనుగు కొన్ని ట్రిప్పులు బాగానే తిరిగింది. స్టీరింగు తేలిగ్గా ఉందని, బ్రేకు కొంచెం దూరం పోయి పడుతోందని దాసుకు తెలుస్తూనే ఉంది. తోక లేచే ఉంది కదా అని ధైర్యం. ఒకరోజు పొద్దున వేములవాడ దాటాక, ఒక ఊరి ముందు స్పీడ్ బ్రేకర్ మీద మెల్లగా ఎక్కి దిగుతుంటే వెనక నుంచి కొమ్మ విరిగినట్టు చప్పుడైంది. దిగి చూస్తే క్యాబిన్ ఒక తీరుగా, వెనక బాడీ ఇంకో తీరుగా ఉన్నాయి. రెంటి మధ్య సందు పైవైపు విచ్చుకుంది.

బండిని తాడుకట్టి మా వర్క్‌షాపుకు తెచ్చారు. లిఫ్టు మీద ఎత్తి చూశాను. చాసిస్ సరిగ్గా బెలూన్ నెట్టే చోట వంగింది. ఇందులో పెద్ద విద్యేమీ లేదు. కమాన్ కట్ట చాసిస్‌ను ముందొక చోట, వెనకొక చోట పట్టుకుని బరువును పంచుకుంటుంది. బెలూన్ ఒక్కచోటే నెడుతుంది. ఇరుసు వెనక డాలా మీద బేళ్లు వేలాడదీస్తే, కర్రను మోకాలి మీద పెట్టి విరిచినట్టు అవుతుంది.

క్యాబిన్‌కూ బాడీకీ మధ్య సందులో నేను పిడికిలి పెట్టి చూశాను. బాగానే పట్టింది. మడ్గార్డు కింద ఇరుకు కావలసిన పిడికిలి ఇక్కడ హాయిగా ఆడింది. పక్కన సుగుణ నిలబడి ఉంది, ఏడవడం లేదు. నా చేతినే చూస్తోంది.

ఎవరి తప్పు?

ప్రవీణ్ సారు వచ్చి, లిఫ్టు కింద ఒకసారి తలపెట్టి, బయటికి తీసి, తీర్పు చెప్పేశాడు. "గుంతల ఎగిరేసిండు. రాష్ డ్రైవింగు."

"సారు, నేను పక్కల్నే ఉన్న. మెల్లగ పోతున్నం," అంది సుగుణ.

"నీకేం తెలుస్తదమ్మా స్పీడు?"

"రోజు గా మీటరు ముందే కూసుంట సారు."

ఆయన ఫోన్ మోగినట్టు నటించి వెళ్లిపోయాడు. ఆయన ఫోన్ అవసరమైనప్పుడల్లా అలా మౌనంగా మోగేది.

కానీ ఆ మాట మాత్రం ఆగలేదు. షోరూము నుంచి డ్రైవర్లకు, డ్రైవర్ల నుంచి వ్యాపారులకు పాకింది. దాసు ఎగిరేస్తాడట, బండిని విరగ్గొట్టుకున్నాడట. బండి మూలన పడింది సరే, కిరాయికి ఇంకొకరి బండైనా తోలుదామంటే తాళంచెవి చేతికిచ్చేవాడు లేకుండా పోయాడు. మా వైపు డ్రైవరుకు చదువు అక్కర్లేదు, సిఫారసు అక్కర్లేదు. "మెల్లగ తోల్తడు" అన్న పేరుంటే చాలు. ఆ పేరు పోతే మళ్లీ పొలం పనికి పోవడమే. దాసు వాళ్ల నాయిన ఏ చేలల్లో కూలి చేశాడో, దాసు ఆ చేలల్లోకే తిరిగి పోవాలి.

సుగుణ ఒక్కతే వర్క్‌షాపుకు వచ్చింది. "సారూ, మా ఆయన ఇంట్లకెళ్లి బయటికి వస్తలేడు. బండి పోతె పోయింది. పేరు పోయినంక ఏం చేస్తం? మీరు కిందకెళ్లి చూసిన్రు. ఏమైందో మీకు ఎర్కే. జర మీ నోటితోని చెప్పున్రి."

"చెప్త బిడ్డా," అన్నాను. "ఇక్కడ చెప్తె గోడలు వింటయి. బేళ్లు ఎక్కించిన కాడ చెప్త."

పక్క సీటు

అవకాశం ప్రవీణ్ సారే ఇచ్చాడు. సిరిసిల్లలో బేళ్లు ఎక్కించే చోట షామియానా వేసి, వ్యాపారులనూ ఆసాములనూ పిలిచి, బెలూన్ల ప్రదర్శన పెట్టాడు. షోరూములోని కొత్త పికప్, దాసుది ఎలాంటిదో అలాంటిదే, దండ వేసుకుని పెళ్లికొడుకులా నిలబడింది. గాలి నింపే పని నాది. నేను సుగుణకు కబురు పెట్టాను. ఆమె దాసును కూడా వెంటబెట్టుకుని వచ్చి వెనక నిలబడింది.

సారు మైకులో, "అంకుల్, గాలి కొట్టున్రి!" అన్నాడు. కొట్టాను. తోక లేచింది. జనం చప్పట్లు కొట్టారు.

"లచ్చన్నా, నీ పద్ధతిల ఎక్కియ్యి," అన్నాను నేను.

లచ్చయ్య చక్రం పక్కన కూర్చుని పిడికిలి పెట్టాడు. బేళ్లు ఎక్కాయి. బాడీ నిండింది. డాలా దించారు. అక్కడా పేర్చారు. పిడికిలి ఆడుతూనే ఉంది. బండి సమంగా, నిటారుగా, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది. ప్రవీణ్ సారు మైకులో పొంగిపోయాడు. "చూసిన్రా! లోడ్ ఉన్నట్టే తెలుస్తలేదు!"

"గదే సార్ మీ బెలూన్‌తోని కష్టం," అన్నాను. "లచ్చన్నా, చెయ్యి తియ్యి."

ఆయన చెయ్యి తీయగానే రెండు సంచుల గాలీ వదిలేశాను. బుస్సుమని గాలి పోయింది. తోక దిగడం మొదలుపెట్టింది. దిగుతూనే ఉంది. కమాన్ కట్టలు తలకిందులుగా వంగాయి, ఇరుసు మీది రబ్బరు దిమ్మ చాసిస్‌కు ఆనుకుంది. టైరుకూ మడ్గార్డుకూ మధ్య పిడికిలి కాదు కదా, వేలు పెట్టే సందు లేదు. బండి ముందు భాగం ఆకాశంలోకి చూస్తోంది. మెడలోని దండ జారి నేల మీద పడింది.

ముందు వరుసలోని వాళ్లు లేచి చక్రం పక్కకు తొంగిచూశారు.

ప్రవీణ్ సారు తేరుకుని, "అంటె... మళ్ల గాలి కొడితె లేస్తది గద, గదే మన టెక్నాలజీ!" అన్నాడు.

అప్పుడు సుగుణ ముందుకు వచ్చింది. "మంచిది సారు. గాలి మళ్ల నింపుమనున్రి. గిదే లోడుతోని మా ఆయన మెల్లగ తోల్తడు. మీరు ముందట పక్క సీట్ల కూసోన్రి. వేములవాడ దాంక పోయి వద్దాం. నేను కూసున్న సీటే గది."

అందరూ ప్రవీణ్ సారు వైపు తిరిగారు. ఆయన బండి వైపు చూశాడు, డాలా మీద వేలాడుతున్న బేళ్ల వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఆయన ముఖంలో మొదటిసారి ఇరుసు, బేరింగు, బ్రేకు అన్నీ కనబడ్డాయి.

"నాకు జగిత్యాలల మీటింగున్నదమ్మా," అన్నాడు.

"మీటింగు ఆగుతది సారు," అన్నాడు లచ్చయ్య లేచి నిలబడుతూ. "గీ బండే ఆగది. అందుకేనా ఎక్కుతలేరు?"

"గట్ల కాదు, నాకు నడుం నొప్పి కూడ..."

నవ్వు షామియానా అంతా పాకింది. ఆసాములు నవ్వారు, వ్యాపారులు నవ్వారు, మా షోరూము సేల్స్‌వాళ్లు కూడా మొహం అటు తిప్పుకుని నవ్వారు. ఎక్కువ మోయించి లాభపడ్డ వ్యాపారులే అందరికంటే గట్టిగా నవ్వడం నేను గమనించాను. వాళ్లకు సిగ్గు రావడానికి ఇంకో ప్రదర్శన పెట్టాలి.

నవ్వనివాడు లచ్చయ్య ఒక్కడే. తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. తర్వాత దాసు దగ్గరికి వెళ్లి అందరూ వినేటట్టు అన్నాడు. "దాసుగా, నా చెయ్యి ఆడుతుంది గదా అని ఎయ్యున్రి ఎయ్యున్రి అన్న. గా బెలూన్ నా చేతిని మోసం చేసింది. మోపింది నేను, వంగింది నీ బండి. గీనె ఎగిరేసిండని ఎవడన్న అంటె నన్ను అడగున్రి. గీనంత మెల్లగ తోలేటోణ్ని నేను చూడలే."

దాసు కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. నాకూ కళ్లు తడి అయ్యాయి, దుమ్ము వంక పెట్టను.

లచ్చయ్య ప్రవీణ్ సారు వైపు తిరిగాడు. "ఇగ చెప్తున్న సారు. దాసు బండికి కొత్త చాసిస్ ఏసి రోడ్డు మీద పెట్టే దాంక, మీ బెలూన్ ఉన్న బండికి మా హమాలీలు ఒక్క బేలు ముట్టరు. 'ఎంతైనా ఎత్తండి' అని రాసిన్రు గద, మీరే ఎత్తుకోన్రి."

బోర్డు మారింది

ఓనరుకు న్యాయం చెబితే అర్థం కాదు, అమ్మకం ఆగితే తొందరగా అర్థమవుతుంది. బెలూన్లున్న బండ్లు సిరిసిల్లలో ఖాళీగా నిలబడేసరికి, వాటి ఓనర్లు వరుసగా మా షోరూముకు వచ్చి కూర్చున్నారు. ప్రవీణ్ సారు నన్ను గదిలోకి పిలిచాడు. ఈసారి తలుపు వేశాక కూడా "అంకుల్" అన్నాడు.

"వంగిందాన్ని కొట్టి సరిచేస్తె కాదా?"

"కాదు సార్. ఒకసారి వంగిన చోటు మళ్ల వంగుతది. కొత్తది ఎయ్యాలె."

కొత్త చాసిస్ షోరూము ఖర్చుతోనే వచ్చింది. దాన్ని మా వర్క్‌షాపులో నేనే దగ్గరుండి వేయించాను. నా ఉద్యోగంలో నేను చేసిన ఆఖరి పెద్ద పని అదే. బెలూన్లు మళ్లీ బిగించాలా అని అడిగితే దాసు వద్దన్నాడు. సుగుణ కావాలంది. "బెలూన్ తప్పు కాదు గద సారు. పద్ధతి ఎర్కైంది. రాత్రిపూట ఎదురొచ్చేటోని కండ్లల్ల లైట్ కొట్టద్దు గద," అంది. బిగించాను. ఆమె చెప్పింది సరైన మాట. హద్దులో ఉన్న బరువుకు అది మంచి వస్తువే.

తర్వాత ప్రవీణ్ సారు బోర్డు మార్పించాడు. ఇప్పుడు దాని మీద "ముందు బరువు, తర్వాత గాలి — మీ భద్రతే మా ధ్యేయం" అని ఉంది. పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ ఫొటో అదే, ఆయనదే. ఆ మాట ఎవరిదని అడిగితే తనదేనంటాడని విన్నాను. అననివ్వండి. తప్పుడు మాటకు ఆయన ఫొటో ఉన్నప్పుడు మనుషులు మునిగారు. సరైన మాటకు ఆయన ఫొటో ఉంటే ఎవరి చాసిసూ వంగదు. పిల్లలూ, ఈ పనిలో పేరు కోసం చూసుకుంటే మీకు కోపం తప్ప ఏమీ మిగలదు. నాకు అది కావలసినంత మిగిలింది.

మొన్న చుట్టాల ఇంటికని గంభీరావుపేట పోతూ సిరిసిల్లలో ఆగాను. దాసు బండి బేళ్ల కోసం నిలబడి ఉంది. లచ్చయ్య చక్రం పక్కన గొంతుక్కూర్చున్నాడు, కానీ చెయ్యి సందులో పెట్టలేదు. ఒళ్లో పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. సుగుణ వంగి సంచుల గాలి వదిలింది. బుస్సుమన్న చప్పుడు సన్నగిల్లి ఆగేదాకా ఇద్దరూ కదలలేదు.

"ఇగ పెట్టు మామా చెయ్యి," అంది సుగుణ.

బేళ్లు ఎక్కడం మొదలైంది. బాడీ ఇంకా సగం కూడా నిండలేదు, వ్యాపారి ఇంకోటి వేయమని పక్క నుంచి అంటున్నాడు. లచ్చయ్య చెయ్యి లాగేసి, "బస్" అన్నాడు. దాసు దిగి, మిగిలిన బేళ్లను రెండో ట్రిప్పుకని పక్కకు పెట్టించాడు.